750 దగ్గరి బంప్, నా పోస్ట్‌డాక్ దరఖాస్తులు

2015 డిసెంబరు 15న జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో ప్రోటాన్లను ఢీకొట్టించి చూసే అట్లాస్, సీఎంఎస్ బృందాలు 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వద్ద ఆ ఏడాది సేకరించిన డేటా ఫలితాలను ప్రకటించే నాటికి నేను సైద్ధాంతిక కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. ఫోటాన్ (కాంతి కణం) జంటల ద్రవ్యరాశిని చూపే గ్రాఫులో 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రెండు బృందాలకూ చిన్న బంప్, అంటే ఉబ్బు, కనిపించింది. కొత్త కణమేదైనా ఉంటే ఇలాగే కనిపిస్తుంది. అట్లాస్ లెక్కలో అది 3.6 సిగ్మా (ఈ సంఖ్య పెరిగేకొద్దీ అది కేవలం యాదృచ్ఛికమయ్యే అవకాశం తగ్గుతుంది), గ్రాఫు మొత్తంలో ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా అలాంటిది తలెత్తే అవకాశాన్ని కూడా కలుపుకుంటే 2 సిగ్మా మాత్రమే. ఆ రెండో సంఖ్యను మేమూ చదివాం, చదివి పక్కన పెట్టాం.

రెండు ఫోటాన్లుగా విడిపోయే కణానికి స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణం లాంటి గుణం) 1 కుదరదని లాండావ్–యాంగ్ సిద్ధాంతం చెబుతుంది కనుక, స్పిన్ 0 కణాన్ని తీసుకుని, అది బరువైన కొత్త క్వార్కుల (ప్రోటాన్లలో ఉండే మూలకణాల లాంటివి) లూప్ ద్వారా, అంటే అవి మధ్యలో క్షణకాలం పుట్టి మాయమవడం ద్వారా, ఫోటాన్లను ఇస్తుందని మా గైడుగారూ నేనూ లెక్క మొదలుపెట్టాం. కనిపించినన్ని ఘటనలు రావాలంటే ఒక క్వార్కు చాలలేదు. మూడింటిని పెట్టి, వాటి విద్యుదావేశాన్ని ప్రోటాన్ ఆవేశానికి 5/3 రెట్లు చేస్తే తప్ప సంఖ్య అందలేదు. లెక్క అంత మొరాయించినప్పుడే అనుమానించవలసింది. సంక్రాంతికి ఇంటికి కూడా వెళ్లకుండా రాసిన ఆ వ్యాసం జనవరి చివర, పరిశోధకులు తమ వ్యాసాలను పెట్టే ఆర్కైవ్ వెబ్‌సైటులో చేరేసరికి ఇదే విషయం మీద వందకు పైగా వ్యాసాలు వచ్చేశాయి.

2016 ఆగస్టు 5న షికాగో సమావేశంలో, మునుపటికి దాదాపు నాలుగు రెట్ల కొత్త డేటాతో చూస్తే బంప్ లేదని రెండు బృందాలూ చెప్పాయి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) దరఖాస్తులు మొదలుపెట్టవలసింది సరిగ్గా ఆ నెలల్లోనే. పరిశోధన ప్రణాళిక తొలి ప్రతిలో ఆ వ్యాసం ఊసే ఎత్తలేదు. గైడుగారు చదివి, "దాచితే దాగుతుందా? ఆ లూప్ లెక్కనే తిరగేసి, అలాంటి క్వార్కులు ఎంత బరువు వరకు ఉండకూడదో చెప్పు," అన్నారు. థీసిస్‌లో మూడో అధ్యాయం అలా తయారైంది.

నలభై మూడు చోట్లకు దరఖాస్తు పెడితే మూడు చోట్ల నిరీక్షణ జాబితాలో పేరు వచ్చింది. ఆఫర్ ఇచ్చాక జనవరి 7కు ముందే జవాబు చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదన్నది మా రంగంలో అప్పట్లో చాలా సంస్థల మధ్య ఉన్న ఒప్పందం. నాలుగైదు ఆఫర్లున్నవారు ఆ రోజు మిగతావి వదిలేస్తేనే జాబితా కదిలేది. నాకు ఈమెయిల్ 8వ తేదీ రాత్రి పదకొండున్నరకు వచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వమన్నారు, పది నిమిషాల్లో ఇచ్చాను.