ఫిజిక్స్ వీడియో ఎక్కడ ఆపాలి?

వీడియో అయిపోగానే పిల్లలంతా "బాగా అర్థమైంది సార్" అంటే కాస్త అనుమానించాల్సిందే. డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పీహెచ్‌డీ పరిశోధనలో తేలింది ఇదే. తప్పుల్లేకుండా నున్నగా చెప్పుకుపోయిన వీడియో చూసినవాళ్లకు అంతా తెలిసినట్టే అనిపించింది గానీ, పరీక్షలో పెద్దగా ఫలితం కనబడలేదు. జనం మామూలుగా పడే పొరపాట్లను ముందు బయటపెట్టి, వాటితో వాదించిన వీడియో చూసినవాళ్లు తికమకగా ఉందన్నారు. నేర్చుకున్నది మాత్రం వాళ్లే ఎక్కువ. పిల్లవాడి బుర్రలో ముందే ఒక జవాబు ఉంటుంది. వీడియో దాని జోలికి పోకపోతే, తాను అనుకున్నదే తెర మీద కూడా చెప్పారనుకుని లేచిపోతాడు.

అందుకని ఫలితం కనబడబోయే ముందు ఆపాలి. ముందురోజే వీడియో చూసి, ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఆపాలో రాసుకోవాలి. ఆపాక "ఏమవుతుంది?" అని నోటితో అడిగితే ముందు బెంచీలో ఇద్దరే చెబుతారు, మిగతావాళ్లు తలూపుతారు. అందరిచేతా నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయించి, పక్కవాడితో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి, అప్పుడు మళ్లీ నడపాలి. అరగంట వీడియోకి మూడు నాలుగు ఆపులు చాలు. అంతకు మించితే విసుగు.

ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయేది 1960 నాటి నలుపు తెలుపు చిత్రం 'ఫ్రేమ్స్ ఆఫ్ రిఫరెన్స్', అమెరికాలో బడి ఫిజిక్స్ కోసం పనిచేసిన పీఎస్‌ఎస్‌సీ అనే కమిటీ తీయించింది. టొరంటో ఆచార్యులు హ్యూమ్, ఐవీ అందులో కదిలే బండి మీద నుంచి గుండును వదులుతారు. వదిలే క్షణంలో ఆపండి. వెనక్కి పడుతుందనేవాళ్లు తప్పకుండా ఉంటారు. కానీ బండి వేగం గుండుకూ ఉంటుంది కాబట్టి అది బండితోపాటే సాగుతూ కింద పడుతుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు దాటాక నాణెం ఎగరేస్తే ఎవరి ఒళ్లో పడుతుందో అప్పుడే అడగాలి. ఇంగ్లిష్ మాట అందని క్లాసైతే మొదటిసారి శబ్దం తీసేసి, తెలుగులో మీరే చెబుతూ చూపించండి. యంత్రం తయారుచేసిన సబ్‌టైటిల్స్‌ను మాత్రం నమ్ముకోవద్దు, సాంకేతిక పదాల దగ్గరే అవి తప్పుతాయి.

ఆ వెంటనే శ్రీహరికోట లెక్క చేయించవచ్చు. 2022 దాకా అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ రాకెట్ లేస్తే నెల్లూరు మేడల మీద నుంచి చూస్తాం. పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాలకు ఇస్రో విడుదల చేసే వివరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో సున్నా సెకన్ల దగ్గరే వేగం సెకనుకు దాదాపు 452 మీటర్లని రాసి ఉంటుంది. వేదిక మీద కదలకుండా నిలబడ్డ రాకెట్‌కు అంత వేగం ఎక్కడిది? ఇక్కడ పిల్లల్ని కాసేపు వదిలేయండి, తొందరపడి చెప్పేయొద్దు. అది భూమి తిరగడం వల్ల వచ్చిన వేగం. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., శ్రీహరికోట అక్షాంశం సుమారు 13.7 డిగ్రీలు. చుట్టుకొలతను ఆ కోణం కొసైన్‌తో గుణించి, 24 గంటలతో భాగిస్తే 451 దగ్గరకొస్తుంది. నక్షత్రాల లెక్కన ఒక చుట్టుకు పట్టే 23 గంటల 56 నిమిషాలు వేస్తే 452.

కాల్‌టెక్ ఆచార్యుడు డేవిడ్ గుడ్‌స్టీన్ చెప్పిన 'ది మెకానికల్ యూనివర్స్' 1985లో వచ్చింది, 52 భాగాలు. బొమ్మలు ఇప్పటికీ అద్భుతం. కానీ సమీకరణాలు తెర మీద ఎగిరెగిరి వాటంతటవే సర్దుకుంటాయి, చేతికి అందవు. పదో తరగతికి వద్దు. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు చూపిస్తే అలాంటి ప్రతి చోటా ఆపి, తర్వాతి మెట్టు పిల్లలచేతే రాయించాలి.

చూడటం ఒక ఎత్తు, వీడియోతో కొలవడం ఇంకో ఎత్తు. పొదలకూరు నిమ్మకాయ ఒకటి తీసుకోండి, పసుపు కాబట్టి నీలం గోడ ముందు స్పష్టంగా కనబడుతుంది. 1.5 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 0.55 సెకన్లలో నేల తాకుతుంది. సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోలో అది 16, 17 ఫ్రేములే. ఒక్క ఫ్రేము తేడా వస్తే కాలంలో 6 శాతం, దాంతో లెక్కగట్టే g (గురుత్వ త్వరణం, సెకను వర్గానికి 9.8 మీటర్లు) విలువలో 12 శాతం తప్పు. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే అదే పతనానికి 130కి పైగా ఫ్రేములు దొరుకుతాయి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా, పడే దారికి మధ్య ఎత్తులో, రెండు మీటర్ల దూరంలో స్టాండుకు బిగించాలి. స్కేలు గోడకంటించి నిమ్మకాయను దానికి 10 సెంటీమీటర్లు ముందు వదిలితే, స్కేలు చిన్నగా కనబడి g 5 శాతం ఎక్కువగా, 10.3 దాకా వస్తుంది. రెండూ ఒకే తలంలో ఉండాలి.

ఆ వీడియోను ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఫ్రేము ఫ్రేముకీ నిమ్మకాయ మీద గుర్తు పెట్టాలి. వేలు ఎప్పుడు వదిలిందో కచ్చితంగా తెలియదు కాబట్టి మొదటి, చివరి బిందువులతో లెక్క కట్టకండి. అన్ని బిందువులకూ కలిపి పారాబోలా సరిపెట్టించండి. 4.9 వచ్చిందని పిల్లలు కంగారు పడితే, వర్గపదం గుణకం g లో సగమని గుర్తుచేయండి. రెట్టింపు చేశాక కూడా g 0.15 వస్తే కారణం వేరు: చాలా ఫోన్లు స్లో మోషన్‌ను 30 ఫ్రేముల ఫైలుగా దాస్తాయి, కాలం 8 రెట్లు సాగి g 64 రెట్లు తగ్గిపోతుంది. క్లిప్ సెట్టింగ్స్‌లో 240 అని మార్చాలి.

నెట్ ఉంటుందో ఉండదో అనిపిస్తే వీడియోలు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొన్ని పాత టీవీలు ఫ్యాట్32 తప్ప వేరే ఫార్మాట్ చదవవు, దాంట్లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఉన్న వీడియోకు శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు, హెచ్.264లోకి మార్చుకుంటే సరి. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే ఇంగ్లిష్ 'E' అక్షరం మీట నొక్కినప్పుడల్లా ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది.