చీపుర్ల ఊరికి వెళ్లొచ్చాం

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో అమ్మాయి వాళ్లింటికొచ్చి రెండో నెల. ఓ శనివారం పొద్దున్నే అల్లుడు "అత్తయ్యగారూ, చేత్తో కట్టే చీపుర్లు చూద్దురుగాని పదండి" అంటే నవ్వొచ్చింది. చీపురు చూడ్డానికి రెండు గంటలు కారులోనా!

బెరియా చిన్న ఊరు, కాలేజీయే ఊరంతా. పిల్లలే చీపుర్లు కడతారు, మగ్గం మీద నేస్తారు, చెక్కపని చేస్తారు. సీటు దొరికిన వాళ్లెవరి దగ్గరా ట్యూషన్ ఫీజు తీసుకోరు, కానీ ప్రతి ఒక్కరూ వారానికి కనీసం పది గంటలు ఏదో ఒక పని చేయాల్సిందే. మేం భోంచేసిన బూన్ టావెర్న్ కూడా కాలేజీ హోటలే. స్పూన్‌బ్రెడ్ అని మొక్కజొన్న పిండితో చేసింది పెట్టారు, ఉప్మాకీ కేకుకీ మధ్యలో ఉంది, నాకు నచ్చింది.

ఈ కాలేజీ పుట్టుక 1855లో. జాన్ ఫీ అని, బానిసల యజమాని కొడుకే, బానిసత్వం మీద తిరగబడి మతబోధకుడయ్యాడు. ఆయనకి ఇక్కడ స్థలమిచ్చింది కాసియస్ క్లే, బానిసత్వం వద్దన్న ఇక్కడి భూస్వామి. (మన మహమ్మద్ అలీ అసలు పేరు కాసియస్ క్లే కదా, ఆ పేరు వాళ్లింట్లోకి వచ్చింది ఈయన మీద గౌరవంతోనే.) ఒక్క గది బడి, ఆదివారం అదే చర్చి. 1859 చివర్లో చుట్టుపక్కల పెద్దమనుషులు గుర్రాల మీద వచ్చి ఫీ మనుషులని ఊరొదిలి పొమ్మన్నారు. పోయారు. అంతర్యుద్ధం అయ్యాక తిరిగొచ్చి మళ్లీ మొదలుపెడితే, 1866లో 187 మంది విద్యార్థుల్లో 96 మంది నల్లవాళ్లు, 91 మంది తెల్లవాళ్లు. నిన్నటిదాకా మనుషుల్ని అమ్మిన రాష్ట్రంలో, ఆడా మగా కలిసి, ఒకే బెంచీ మీద!

నేను ఈ లెక్క దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఇక్కడ దిగగానే విన్న కథ, 'మంచి కాలేజీ, చెడ్డ చట్టం' అని. చట్టం చెడ్డదే. 1904లో కార్ల్ డే అనే శాసనసభ్యుడు తెచ్చాడు, కెంటకీలో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ కలిపి చదువు చెబితే వెయ్యి డాలర్ల జరిమానా. నల్లవాళ్లకి వేరే శాఖ పెట్టుకోవచ్చు, కాకపోతే కనీసం 25 మైళ్ల దూరంలో! రాష్ట్రంలో ఇలా కలిపి చదివిస్తున్న కాలేజీ ఇదొక్కటే, అంటే చట్టం ఎవరి కోసమో చెప్పక్కర్లేదు. కానీ అంతకు ముందే, 1892లో వచ్చిన కాలేజీ ప్రెసిడెంట్ ఫ్రాస్ట్ అపలేచియా కొండల్లోని పేద తెల్లపిల్లల మీద దృష్టి పెట్టాడు. వాళ్ల చదువు కోసం విరాళాలు బాగా వచ్చాయి, తెల్లవాళ్ల సంఖ్య నల్లవాళ్లకి కొన్ని రెట్లయింది. సగానికి సగం అన్న ఫీ లెక్క చట్టం రాకముందే చెదిరిందన్నమాట. కొండల్లో పేదరికం నిజమే, కాదనను. అయినా ఆ సగం పోయిందంటే నాకెందుకో మనసొప్పలేదు.

కాలేజీ కోర్టుకెళ్లింది, సుప్రీంకోర్టు దాకా. 1908లో ఓడిపోయింది. కాలేజీ అనేది రాష్ట్రం చార్టర్ (నడుపుకోమని అనుమతి పత్రం) ఇచ్చిన సంస్థ, దాన్ని మార్చుకునే హక్కు రాష్ట్రానికుంది అన్నారు జడ్జీలు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు హార్లన్, ఆయనా కెంటకీ మనిషే. ఇష్టపడి ఒకచోట కూర్చుని చదువుకునే మనుషుల్ని రంగు చూసి ప్రభుత్వం విడదీయడమేంటని గట్టిగా రాశాడు. రెండో ఆయన పేరు జస్టిస్ డే! చట్టం పేరూ డే చట్టమే, చూడండి.

మధ్యాహ్నం చర్చి మెట్ల మీద కూర్చుని అమ్మాయి ఫోన్‌లో వెతికి చెప్పింది. అమెరికాలో నల్లవాళ్ల చరిత్రకి ఆద్యుడనిపించుకున్న కార్టర్ వుడ్సన్ చదివింది ఇక్కడే, 1903లో డిగ్రీ. ఒక్క ఏడాది ఆలస్యమైతే బయటికి పంపేసేవాళ్లు. చట్టం వచ్చేనాటికి చదువుతున్న నల్లపిల్లల్ని కాలేజీ తన ఖర్చుతోనే వేరే కాలేజీలకి పంపింది. చట్టం సడలించాక 1950లో మళ్లీ తలుపులు తెరిచింది. నలభై ఆరేళ్లు!

చీపురు కొన్నాను. ధర చెబితే మా ఆయన ఫోన్ పెట్టేస్తారు. సూట్‌కేస్‌లో పట్టదని తెలిసీ కొన్నాను.

తిరుగు దారిలో లెక్సింగ్టన్ దాటాక సింప్సన్‌విల్ బోర్డు కనబడింది. ఆ ఎగ్జిట్ మాకు బాగా తెలుసు, ఔట్‌లెట్ షాపులకి మూడుసార్లు వెళ్లాం, మనవరాలి బూట్లు కొన్నది అక్కడే. కేసు ఓడిపోయాక బెరియా వాళ్లు కోటీశ్వరుడు కార్నెగీ దగ్గరా ఇంకా చాలామంది దగ్గరా డబ్బు పోగుచేసి, నల్లపిల్లల కోసం 1912లో లింకన్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది ఈ ఊరి దగ్గరే. పౌరహక్కుల నాయకుడు విట్నీ యంగ్ పుట్టింది కూడా ఆ బడి ఆవరణలోనే, వాళ్ల నాన్న తర్వాత దానికి పెద్ద అయ్యాడు. 1966లో అది మూతబడింది.

"మూడుసార్లు వచ్చాం, ఒక్కసారీ తెలీలేదు" అంది అమ్మాయి. పోదామా అని అల్లుడు ఇండికేటర్ వేయబోయాడు. చీకటి పడింది, పాప ఆకలని గోల, వెనక సీట్లో నా చీపురు అడ్డం. పోనీయండి, ఇంకోసారి వద్దాం అన్నాను.