52 డాలర్ల స్టిక్కర్, మూడు చలికాలాలు

హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నెల మొదట్లో బస్ పాస్ తీసుకునే ముందు అమ్మ ఒక లెక్క వేసేది. కాలేజీ ఎన్ని రోజులు, సెలవులెన్ని, రోజూ టికెట్ కొంటే ఎంతవుతుంది, పాస్ ఎన్నో రోజుకి గిట్టుబాటవుతుంది. ఆ అలవాటు నాకూ అబ్బింది. మిషిగన్‌లో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, కొన్నప్పుడు ట్రైల్ పర్మిట్ దగ్గర కూడా నేను అదే లెక్క వేశాను. ట్రైల్ అంటే ఆ బండ్ల కోసం చదును చేసిన మంచు దారి, దాని మీద నడపడానికి ఏటా కొనే స్టిక్కరే పర్మిట్. ఆ లెక్క ఇక్కడ పనికి రాలేదు. ఎందుకు పనికి రాలేదో అర్థం కావడానికి మూడు చలికాలాలు పట్టింది. మా ఊరు నోవైలో మనవాళ్లు ఈమధ్య పర్మిట్ గిట్టుబాటవుతుందా అని నన్ను అడుగుతున్నారు, అందుకని రాస్తున్నాను.

2022 జనవరిలో గేలార్డ్ దగ్గర మొదటిసారి అద్దె బండి ఎక్కాం. నేను, మా ఆవిడ ఒక దాని మీద, రెండు రోజులు. రోజుకు 280 డాలర్లు, డిపాజిట్ వేరే. ఆ బండికి పర్మిట్ వాళ్లే అంటించి ఉంచారు కాబట్టి అలాంటిది ఒకటుందనే మాకు తెలియలేదు. పైన్ చెట్ల మధ్య తెల్లటి దారి, దుప్పటి ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. ఆ దారి అలా ఉండటానికి ఎవరో రాత్రంతా పనిచేశారని అప్పుడు నాకు తట్టలేదు. ఇద్దరం ఇంటికొచ్చాక కూడా వారం రోజులు అదే మాట్లాడుకున్నాం.

ఆ ఏడాది నవంబరులో సెకండ్ హ్యాండ్ బండి ఒకటి 4,200 డాలర్లకి దొరికింది. అమ్మినాయన ముందు భాగం మీద చెయ్యి పెట్టి చూపిస్తూ స్టిక్కర్లన్నీ ఉన్నాయి, ఇంక ఏమీ చెయ్యక్కర్లేదన్నాడు. నేను నమ్మాను. పేరు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడు రిజిస్ట్రేషన్‌కి 30 డాలర్లు కట్టాను, అది మూడేళ్లకి చెల్లుతుంది. దాంతో పనంతా అయిపోయిందనుకున్నాను.

డిసెంబరు చివర్లో మళ్లీ గేలార్డ్ వెళ్లాం. ట్రైల్ పక్కన పెట్రోల్ బంకులో ఇంధనం పోయిస్తుంటే స్నోమొబైల్ క్లబ్ జాకెట్ వేసుకున్న పెద్దాయన ఒకాయన నా బండి ముందుకొచ్చి వంగి చూశాడు. హెడ్‌లైట్ కింద ఉన్న స్టిక్కర్‌ని గ్లవ్ వేసుకున్న వేలితో తుడిచి, ఇది పోయిన ఏడాదిది బాబూ అన్నాడు. పర్మిట్ అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30తో అయిపోతుంది. ఎప్పుడు కొన్నా గడువు మాత్రం సెప్టెంబర్ 30. రిజిస్ట్రేషన్ వేరు, ట్రైల్ పర్మిట్ వేరు అని అక్కడే తెలిసింది. నేను అప్పటికే పదిహేను మైళ్లు పర్మిట్ లేకుండా నడిపి వచ్చాను. ఆయన కోప్పడలేదు, రెండు వీధుల అవతల ఎరలు, గాలాలు అమ్మే షాపులో దొరుకుతుందని దారి చెప్పాడు. ఆయన మేలు నేను మర్చిపోను.

నేను ఇంకో పొరపాటు కూడా పడ్డాను. కారు నంబర్ ప్లేటు రెన్యువల్‌తో పాటు తీసుకునే రిక్రియేషన్ పాస్‌పోర్ట్ మా దగ్గర ఉంది. స్టేట్ పార్కులకి చెల్లేది ట్రైళ్లకి మాత్రం ఎందుకు చెల్లదనుకున్నాను. అది కారుకి. ప్రభుత్వ ట్రైల్‌హెడ్‌లో, అంటే ట్రైల్ మొదలయ్యే చోట, కారు ఆపుకోవడానికి అది కావాలి, మంచు మీద బండి నడపడానికి ట్రైల్ పర్మిట్ కావాలి. రెండూ ఉండాలి.

షాపులో 52 డాలర్లన్నారు. అంతకుముందు కొన్నేళ్లు 48 ఉండేదట. నాకు మూడు రోజులే పని ఉంది, రోజు పర్మిట్ ఏదైనా ఉందా అని అడిగాను. లేదు. వారం పర్మిట్? అదీ లేదు. మిషిగన్‌లో ఉన్నది ఒక్కటే, ఏడాది పర్మిట్. ఇక్కడివాళ్లకైనా, చికాగో నుంచి వచ్చినవాళ్లకైనా ఒకటే ధర. ముందు కొంటే తగ్గింపు లేదు, ఆలస్యమైతే అదనం లేదు. అమ్మ లెక్కలో పాసుకి ఎదురుగా పెట్టడానికి రోజు టికెట్ ఉండేది. ఇక్కడ ఎదురుగా పెట్టడానికి ఏమీ లేదు. ట్రైల్ ఎక్కాలంటే 52, లేకపోతే ఎక్కకూడదు. అది నాకు అన్యాయంగా తోచింది, గట్టిగానే తోచింది. ఆ అభిప్రాయం తర్వాత మారింది, ఆ సంగతి చెప్తాను.

ఆ స్టిక్కర్ అంటించడం ఒక పాఠం. హెడ్‌లైట్‌కి సరిగ్గా పైన గానీ కింద గానీ ఉండాలి. బయట చలికి ప్లాస్టిక్ గడ్డకట్టి ఉంది, అంటిస్తే అంచులు అట్ల పెనం మీద అప్పడంలా పైకి లేచాయి. షాపావిడ పేపర్ టవల్ ఇచ్చి, ముందు మంచు, ఉప్పు పూర్తిగా తుడవమంది. నేను తుడిచాను, మా ఆవిడ గ్లవ్ తీసి అరచెయ్యి దాని మీద రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంది. చెయ్యి ఎర్రబడిపోయింది. అప్పటినుంచి మేం అక్టోబర్‌లోనే ఆన్‌లైన్‌లో కొంటాం. స్టిక్కర్ పోస్టులో వస్తుంది, గ్యారేజీలో స్పిరిట్‌తో తుడిచి హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి అంటిస్తాం. బయల్దేరే ముందు రోజు ఆన్‌లైన్‌లో కొంటే చేతికి రాదని గుర్తుపెట్టుకోండి. అప్పటికప్పుడు కావాలంటే షాపుకే వెళ్లాలి.

ఆ మొదటి సీజన్‌లో ఎనిమిది రోజులు తిరిగాం. రోజుకు ఆరున్నర డాలర్లు పడింది. ఒక బండి మీద ఇద్దరం కాబట్టి మనిషికి అందులో సగం. పర్మిట్ బండికే, మనిషికి కాదు. మా అబ్బాయి కోసం రెండో బండి కొంటే దానికి మళ్లీ 52 పెట్టాలి, ఒక బండి మీద అంటించింది ఇంకో దానికి మార్చుకోలేం.

రెండో ఏడాది, 2023 అక్టోబర్‌లో, ఉత్సాహంగా ముందే కొనేశాను. ఆ చలికాలం మంచు రాలేదు. మిషిగన్‌కి అంత వెచ్చటి చలికాలం ఎప్పుడూ లేదన్నారు. ఉత్తరాన మార్క్వెట్ అనే ఊరి నుంచి బయల్దేరే యూపీ200 కుక్కబండ్ల పందెం కూడా 2024లో రద్దయింది. వారం వారం ట్రైల్ రిపోర్ట్ చూడటం, బురద ఫొటోలు చూసి ఫోన్ పక్కన పెట్టడం, ఇదే పని. జనవరిలో కొన్ని రోజులు చలి పట్టినప్పుడు ఇక ఆగలేక రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న కీవినా వెళ్లాం. తొమ్మిది గంటలకు పైగా ప్రయాణం. దారిలో వచ్చే మాకినా వంతెన మీద స్నోమొబైల్ నడపనివ్వరు, ట్రైలర్ మీదే దాటించాలి. మోహాక్ దగ్గర రోడ్డు పక్కన మంచు కొలిచే పెద్ద కొలబద్ద ఒకటుంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని దాని కొస దగ్గర గుర్తు ఉంటుంది, అంటే 32 అడుగులకు పైనే. ఆ ఏడాది గుర్తు ఎంతో కింద ఉంది. మా అబ్బాయి ఆ కొలబద్ద పక్కన నిలబడి పైకి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

రెండు రోజులు తిరిగాం. అక్కడక్కడా రాళ్లు తేలి ఉన్నాయి, బండి ముందు మంచు మీద జారే స్కీల అడుగున గీతలు పడ్డాయి. 52 డాలర్లు రెండు రోజులకి. మంచు పడలేదని డబ్బు వెనక్కి రాదు. ఆ రాత్రి మోటెల్ గదిలో కూర్చుని నేను విసుక్కుంటుంటే మా ఆవిడ, "ఏవండీ, మనకి 52 పోయింది. ఈ మోటెలావిడకి చలికాలమంతా పోయింది కదా" అంది. నిజమే, పార్కింగ్‌లో మా బండి ఒక్కటే ఉంది. ఆ మాట మనసులో ఉండిపోయింది.

అందుకే 2024 శరదృతువులో, పెట్రోల్ బంకు పెద్దాయన వాళ్ల క్లబ్ ట్రైల్ శుభ్రం చేస్తోందని తెలిసి ఒక శనివారం వెళ్లాను. అసలు లెక్క అక్కడ కనపడింది. మంచు పడకముందే చెట్ల కొమ్మలు కొట్టాలి, వాగు మీద చెక్క వంతెన పలకలు మార్చాలి, బోర్డులు పాతాలి. ట్రైల్ చాలాచోట్ల ప్రైవేటు భూముల గుండా పోతుంది, ఆ రైతులతో ఏటా మాట్లాడుకోవాలి. ఒక్కరు కాదంటే దారి మళ్లించాలి. షెడ్డులో ట్రైల్‌ని చదును చేసే గ్రూమర్ చూశాను. పెద్ద ట్రాక్టర్, వెనక లారీ అంత పొడవున ఇనుప చట్రం, దానికి వరసగా బ్లేడ్లు. బండ్ల తాకిడికి ట్రైల్ మీద గుంతలు, దిబ్బలు అలల్లా లేస్తాయి. ఆ బ్లేడ్లు దిబ్బల్ని కోసి, మంచుని కలిపి, వెనక పళ్లెంతో నొక్కుతూ పోతాయి. ఈ పని రాత్రిపూట, మనిషి పరుగెత్తేంత వేగంతో జరుగుతుంది. నొక్కిన మంచు కొన్ని గంటలు కదలకుండా ఉంటేనే గట్టిపడుతుంది. మంచు లేని ఏడాది డీజిల్ మిగులుతుంది గానీ మిగతా ఖర్చులు, మరమ్మతులు ఆగవు. రాష్ట్రంలో ఇలాంటి ట్రైళ్లు 6,000 మైళ్లకు పైనే ఉన్నాయి. డిసెంబర్ 1 నుంచి మార్చి 31 వరకు ఇలా చదును చేసే గ్రూమింగ్ సీజన్. ఇదంతా నడిచేది ప్రధానంగా మన పర్మిట్, రిజిస్ట్రేషన్ డబ్బుతోనే, క్లబ్బుల్లో వాళ్లు ఉచితంగా చేసే చాకిరీతో. రోజు పర్మిట్ ఉంటే నాలాంటివాళ్లం మంచు బాగున్న వారమే కొంటాం. మంచు లేని ఏడాది ఆ వంతెన పలకకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? రోజు పర్మిట్ లేకపోవడమే సరైనదని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక విస్కాన్సిన్ సంగతి. మా తోడల్లుడు గ్రీన్ బేలో ఉంటాడు, తనకీ ఒక బండి ఉంది. అక్కడి లెక్క వేరు. తన బండి విస్కాన్సిన్ రిజిస్ట్రేషన్‌ది కాబట్టి ట్రైల్ పాస్ ఏడాదికి 30 డాలర్లు. రాష్ట్ర క్లబ్బుల సంఘంలో, ఒక స్థానిక క్లబ్బులో సభ్యుడైతే 10 డాలర్లే. క్లబ్ చందా వేరే కట్టాలనుకోండి, అయినా మనుషుల్ని క్లబ్బుల్లోకి తెచ్చే ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. నాలాగా బయటి రాష్ట్రం బండికైతే 50. మిషిగన్ పర్మిట్ అక్కడ చెల్లదు, అక్కడి పాస్ ఇక్కడ చెల్లదు.

2025లో తను ఫోన్ చేసి, "అన్నయ్యా, సేనర్ వెళ్దాం, ఒక్కసారి చూడాలి" అన్నాడు. సేనర్ అనే ఆ చిన్న ఊళ్లోనే కార్ల్ ఎలియాసన్ 1924లో మోటారు పెట్టిన మంచు బల్ల తయారుచేశాడు, 1927లో పేటెంట్ తీసుకున్నాడు. మేం మిషిగన్ వైపు వాటర్స్‌మీట్‌లో దిగాం. సరిహద్దు కొన్ని మైళ్లే, దాటితే ల్యాండ్ ఓ లేక్స్. చెట్ల మధ్య రాష్ట్రం మారినట్టు కూడా తెలియదు, పాస్ మాత్రం మారాలి. రెండు రోజుల కోసం 50 పెట్టాను. ఒకసారికి పెట్టొచ్చు, ఆ పాత యంత్రం చెక్క స్కీల దగ్గర నిలబడ్డప్పుడు నాకు ఏ చింతా లేదు. ఏటా మాత్రం పెట్టను. సరిహద్దు అవతల నాలుగైదు రోజులైనా తిరిగేవాళ్లకే అది గిట్టుబాటు.

తను మా వైపు రావడానికి మాత్రం మంచి ఉపాయం దొరికింది. ఫిబ్రవరిలో ఒక వారాంతం మిషిగన్‌లో పర్మిట్ లేకుండా ఎవరైనా నడపొచ్చు, ఉచిత స్నోమొబైల్ వీకెండ్ అంటారు. తను ఆ రెండు రోజులకే బండి తెచ్చుకున్నాడు, 52 మిగిలింది. బండి ఉన్న స్నేహితులెవరైనా వేరే రాష్ట్రం నుంచి వస్తామంటే ఆ తేదీలు ముందే చూసి పిలవండి.

ఆ సీజన్‌లో మిషిగన్‌లో పది రోజులు తిరిగాం. మూడేళ్లకి కలిపి 156 డాలర్లు, ఇరవై రోజులు, రోజుకు 7 డాలర్ల 80 సెంట్లు. గేలార్డ్ వెళ్లి రావడానికి ట్రక్కు తాగే పెట్రోల్ ముందు ఇది లెక్కలోకి రాదు. నన్ను అడిగేవాళ్లకి నేను చెప్పేది ఇదే. పర్మిట్ గురించి తర్జనభర్జన పడకండి, బండి కొనాలా వద్దా అన్నది ఆలోచించండి. చలికాలంలో నాలుగు రోజులకు మించి వెళ్లలేని ఉద్యోగమైతే అద్దె బండే మేలు. బండి, ట్రైలర్, ఇన్సూరెన్స్, ఎండాకాలమంతా గ్యారేజీలో అది తినే చోటు, ఇవన్నీ పెట్టాక 52 దగ్గర ఆగిపోవడంలో అర్థం లేదు. పాత బండి కొంటుంటే హెడ్‌లైట్ దగ్గరి స్టిక్కర్ మీద సంవత్సరం మీ కళ్లతో మీరే చదవండి. పన్నెండు నిండి పదిహేడేళ్ల లోపు పిల్లలు నడపాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, లేదా ఇరవయ్యొకటి నిండినవాళ్లు పక్కనే ఉండి చూసుకోవాలి. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో కోర్సు చదివి తీసుకున్నాడు.

ఈ అక్టోబర్ స్టిక్కర్ వచ్చింది. పాతవి పీకి చోటు చెయ్యాలి. మంచు రాని ఆ ఏడాదిది పీకొద్దని మా అబ్బాయి పట్టుబట్టాడు, అందుకని దాన్ని హెడ్‌లైట్ కిందే ఉంచి కొత్తది పైన అంటించాం. డ్రయర్ మా ఆవిడ పట్టుకుంది.