థర్మాకోల్ భూగోళం, కరెంటు మీటరు

చెన్నైలో ఆటో ఎక్కాలంటే ముందు గొడవ పడే ఓపిక ఉండాలి. సెంట్రల్ బయట పశ్చిమ మాంబళానికి నాలుగు వందలు అడిగాడు. నెల్లూరు నుంచి వచ్చిన రైలు టికెట్టు అందులో సగం కూడా లేదు. సంచి భుజాన వేసుకుని పార్కు స్టేషన్‌కు నడిచి లోకల్ రైలెక్కాను. చెల్లెలి కూతురి బడిలో వాతావరణ మార్పుపై ప్రదర్శన ఉంది. పెద్దమ్మ సైన్సు టీచరు కదా, రాకపోతే ఊరుకోనని పిల్ల పట్టుబట్టింది.

మరునాడు పొద్దున అది స్కూలు వ్యాను ఎక్కనంది. "ఈ వారం బస్సులోనే వెళ్లాలి పెద్దమ్మా, లెక్క ఉంది" అంది. మా చెల్లెలు గొణిగింది, ఏడాదికి సరిపడా వ్యాను డబ్బులు ముందే కట్టేసిందాయె. టి.నగర్ బస్టాండులో ముందు భాగానికి గులాబీ రంగు వేసిన బస్సు దొరికింది. 2021 నుంచి సాధారణ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం ఉచితం. ఆటో మీద కసి కొంత తీరింది.

నందనం దాటాక బస్సు కదలదే! కిటికీలోంచి చూస్తే కారు వెనుక కారు, ఒక్కో దాని వెనుక సీటులో యూనిఫాంతో ఒక్కో పిల్ల. మాది నోట్‌బుక్ తీసింది. గళ్లు గీసి, తేదీలు వేసి, బడి గేటు దగ్గర దిగిన వాళ్లను వాహనాల వారీగా అప్పటికే రాసిపెట్టుకుంది.

"లీటరు పెట్రోలుకు కారు పన్నెండు కిలోమీటర్లు వెళ్తుందనుకో. బడి ఆరు కిలోమీటర్ల దూరం. పొద్దున దింపి తిరిగి వెళ్లాలి, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్లాలి. మొత్తం ఎంత?"

"ఇరవై నాలుగు" అన్నాను బుద్ధిగా. టీచరు నేనో అదో అర్థం కాలేదు.

అంటే రెండు లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నాకు టీచరు బుద్ధి ఊరుకోదుగా, "లీటరు పెట్రోలు బరువు కిలో కూడా ఉండదు, రెండు కిలోల పైచిలుకు వాయువు ఎక్కడిది?" అని అడిగాను. "గాలిలోని ఆక్సిజన్ బరువు కలిసింది పెద్దమ్మా" అంది, తల కూడా ఎత్తకుండా. రోజుకు 4.6 కిలోలు, 200 పనిదినాలకు 920 కిలోలు. మన దేశంలో కార్బన్ డయాక్సైడ్ తలసరి ఉద్గారం ఏడాదికి సుమారు 2 టన్నులు. ఒక్క పిల్లను బడిలో దింపి తేవడానికే అందులో సగం దాకా ఖర్చయిపోతోంది! అదే లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్లు వెళ్లే బస్సులో యాభై మంది ఉంటే, రోజు రాకపోకలకు ఒక్కరి వాటా సుమారు 160 గ్రాములే. మా బస్సులో యాభై కాదు, డెబ్బై మంది ఉండి ఉంటారు. నా కాలు ఎవరిదో టిఫిన్ డబ్బా కింద నలుగుతోంది.

కోటూర్‌పురం వంతెన మీద అడయారు నది కనిపించింది. 2015 డిసెంబరులో ఇది పొంగిన రాత్రి చెల్లెలికి ఫోను కలవక మేమంతా నెల్లూరులో జాగారం చేశాం. ఆ వరద పిల్లకు గుర్తులేదు. 2019లో చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న రోజుల్లో ట్యాంకరు వెనుక బిందెతో నిలబడటం మాత్రం బాగా గుర్తుందట.

ఇక ప్రదర్శన. హాలులో ఏసీ 18లో పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ చెబుతూనే ఉంది. భూమి వేడెక్కుతోందన్న ఉపన్యాసం వింటూ చీర కొంగు కప్పుకుని వణికాను. వేదిక పక్కన నోట్లో థర్మామీటరుతో పెద్ద థర్మాకోల్ భూగోళం. దానికే మొదటి బహుమతి! తమిళనాడులో థర్మాకోల్ కప్పులు, పళ్లేలను 2019లోనే నిషేధించారు. ఆ భూగోళం రేపు ఏ చెత్తబుట్టకు వెళ్తుందో ఎవరూ అడగలేదు.

మా పిల్ల జట్టు చార్టు మెట్ల కింద ఉంది. రోజూ బడి తెరిచినప్పుడు, మూసినప్పుడు కరెంటు మీటరు చూసి రాసిన అంకెలవి. సెలవు రోజుల్లోనూ మీటరు గిర్రున తిరుగుతోందని అందులో తేలింది. వెతికితే కంప్యూటర్ గది, నీళ్లు చల్లబరిచే యంత్రాలు. పక్కన యూనిట్లను 0.7తో గుణించారు. మన గ్రిడ్డులో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి యూనిట్‌కు సుమారు అన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నమాట.

వాచ్‌మన్‌ది శ్రీకాళహస్తి. నా తెలుగు విని దగ్గరికి వచ్చాడు. "శనివారం సాయంత్రం ఆ స్విచ్‌లు ఆపేది నేనేనమ్మా. చీటీ అంటించి, ఆపాక సంతకం పెట్టమన్నారు పిల్లలు" అన్నాడు. చీటీ చూపించాడు కూడా. వరుసగా తమిళంలో పొందికైన సంతకాలు, ఒకచోట మాత్రం పండగకు ఊరెళ్లినట్టుంది, ఖాళీ.

పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని, పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1991లో. మా ఊళ్లో అది పది మార్కుల వ్యాసంగా మిగిలింది. ప్రాజెక్టు రికార్డులైతే పుస్తకాల దుకాణంలో తయారుగా దొరుకుతాయి, అట్ట మీద పేరు రాసుకుంటే చాలు. ఏటా వాటి మీద సంతకాలు చేసేది నేనే.

పిల్లల మీటరు చార్టును ఫోనులో ఫోటో తీసుకున్నాను. మా బడిలో మీటరు పెట్టెకు తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో సోమవారం అటెండరును అడగాలి.