సెన్సార్ బాగానే ఉంది, ఇంజినే చల్లగా ఉంది

మా ఇంట్లో 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఒకటుంది. నాలుగు సిలిండర్లు, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ లెక్కేసి ఇంజెక్టర్లతో పెట్రోల్ పోయించే పద్ధతి), పవర్ స్టీరింగ్ లేదు. అమ్మితే పాత ఇనుము ధర తప్ప రాదు, ఉంచుకుంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. అందుకే ఉంచుకున్నాం. కిందటి వేసవిలో ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతే ఒక షెడ్డులో పని చేయించాం. ఆ తర్వాత వేడెక్కడం ఆగింది గానీ, చలికాలం వచ్చేసరికి కొత్త గొడవ మొదలైంది.

మొదటిది మైలేజీ. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తే లీటరుకి 17 పైన ఇచ్చే బండి 13 దగ్గర ఆగిపోయింది. విచిత్రమేమిటంటే ఊళ్లో తిరిగితే ఎప్పటిలాగే 12, 13 ఇస్తోంది. అంటే సిగ్నళ్లు, ట్రాఫిక్‌తో తిరిగినా, నాలుగు లైన్ల రోడ్డు మీద సాఫీగా పోయినా ఒకటే లెక్క. రెండోది ఐడ్లింగ్. టోల్‌గేటు దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు తీసి న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ దానంతటదే రేస్ అవుతుంది, ఠక్కున పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. మెకానిక్కులు హంటింగ్ అంటారే, అది. కీసర టోల్ దగ్గర క్యూలో నిలబడితే వెనక నుంచి పెట్రోల్ వాసన కూడా. పక్కన కూర్చున్న మా బావమరిది "బావా, బండికి ఆయాసం వచ్చినట్టుందే" అన్నాడు.

షెడ్డువాళ్లు ముందు ప్లగ్గులు మార్చారు. తర్వాత ఇంజెక్టర్లు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. పని చేసిన ప్రతిసారీ రెండ్రోజులు బాగున్నట్టే అనిపించేది, మళ్లీ మామూలే. తర్వాత ఆక్సిజన్ సెన్సార్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది) పోయిందన్నారు. చివరికి "ఈసీఎం పోయినట్టుందండీ, సెకండ్‌హ్యాండ్‌ది చూద్దాం" అన్నారు. ఈసీఎం అంటే పెట్రోల్ ఎంత పొయ్యాలో లెక్కేసే కంప్యూటర్. పాత ఎంపీఎఫ్ఐ బండి విషయంలో ఈ మాట ఎవరు చెప్పినా నాకు అనుమానమే. ఈసీఎంలు పోవని కాదు. మిగతావన్నీ కొలిచి చూశాక రావాల్సిన మాట అది. ఇక్కడ అప్పటిదాకా మీటరు బయటికి తీసినవాళ్లే లేరు. బండి ఇంటికి తెచ్చేసుకుని, సర్వీస్ మాన్యువల్, మామూలు మల్టీమీటర్ పెట్టుకుని కూర్చున్నాను.

ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ స్కానర్లు ఈ వయసు బండ్లకి చాలావరకు పనికిరావు. పోర్టు ఒకేలా కనిపించినా లోపల మాట్లాడే పద్ధతి వేరు, కనెక్ట్ కాదు. దీనికి పాత పద్ధతే. మాన్యువల్‌లో చెప్పిన రెండు డయాగ్నోసిస్ టెర్మినళ్లని చిన్న వైరు ముక్కతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే, చెక్ ఇంజిన్ లైటు మెరుపులతో కోడ్ చెబుతుంది. ఒకసారి మెరిసి, కాస్త ఆగి, రెండుసార్లు మెరిసింది. 12. అంటే ఏ లోపమూ నమోదు కాలేదని.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఈ తరం ఈసీఎం వైరు తెగిందా, షార్ట్ అయిందా అన్నది పట్టుకుంటుంది. సెన్సార్ చెప్పేది నమ్మదగ్గ హద్దుల్లో ఉంటే చాలు, అది నిజమా అబద్ధమా అని అడగదు. కాబట్టి 12 వచ్చిందంటే అన్నీ బాగున్నాయని కాదు, వైర్లు తెగలేదని మాత్రమే.

హైవే మీద ఒక రౌండు కొట్టి వచ్చి, ఇంజిన్ కాస్త ఆరాక ప్లగ్గులు విప్పాను. నాలుగింటికీ పొడి మసి, వేలితో రుద్దితే నల్లగా అంటుకుంది. తడిగా, నిగనిగలాడుతూ ఉంటే ఆయిల్ తాగుతోందనుకోవాలి. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువవుతోందని. నాలుగూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఏదో ఒక ఇంజెక్టర్ కారుతోందనో, ఒక ప్లగ్ వైరు పోయిందనో అనుకోవడానికి లేదు. నాలుగింటికీ కలిపి ఎవరో ఎక్కువ పోయమంటున్నారు.

తర్వాత ఆక్సిజన్ సెన్సార్. దాని సిగ్నల్ వైరు కనెక్టర్‌లో వెనక నుంచి పిన్నీసు గుచ్చి, పొడుగాటి వైరుతో మీటరు లోపలికి తెచ్చాను. నేను నడుపుతుంటే బావమరిది అంకెలు చదివాడు. పెట్రోల్, గాలి పాళ్లు సరిగ్గా ఉంటే ఆ ఓల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య గబగబా అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. మాకు 0.8 దగ్గర, అంటే పెట్రోల్ ఎక్కువ వైపే, కదలకుండా కూర్చుంది. షెడ్డువాళ్లు సెన్సార్ పోయిందన్నది దీన్ని చూసి కాదు గానీ, చూసి ఉంటే మాత్రం కచ్చితంగా అదే మాట అనేవాళ్లు. పోయిందా లేదా తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. గేరులో ఉండగానే వేగం అందుకుని ఒక్కసారిగా కాలు తీసేస్తే ఈసీఎం కాసేపు పెట్రోల్ ఆపేస్తుంది. సెన్సార్ బతికుంటే ఓల్టేజీ దాదాపు సున్నాకి పడాలి. పడింది, కాలు పెట్టగానే లేచింది. సెన్సార్ బాగానే ఉంది. పెట్రోల్ నిజంగానే ఎక్కువ పడుతోంది.

మరి ఎవరు పొయ్యమంటున్నారు? నాకు అప్పుడు గుర్తొచ్చింది టెంపరేచర్ ముల్లు. హైవే ఎక్కితే అది కిందికి పడుకునేది. షెడ్డులో చెబితే "అది మీటర్ లోపం, వదిలేయండి, వేడెక్కకపోతే మంచిదేగా" అన్నారు. ఈ బండిలో డాష్‌బోర్డు ముల్లుకి ఒక సెన్సార్, ఈసీఎంకి వేరే సెన్సార్. ముల్లుది ఒంటి వైరు, ఈసీఎంది రెండు వైర్లు. కాబట్టి ముల్లు తప్పు చెప్పినా ఈసీఎం సెన్సార్ సరిగ్గా చెబుతూ ఉండొచ్చు. విడిగా కొలవాల్సిందే.

ఈ సెన్సార్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 2.4 కిలో ఓమ్స్, 40 దగ్గర 1.1, 60 దగ్గర 0.6, 80కి వచ్చేసరికి 0.3. హైవే మీద అరగంట నడిపి, పక్కకి ఆపి, వెంటనే కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టాను. 0.7 చూపించింది. అంటే 55 డిగ్రీల చుట్టుపక్కల. సెన్సార్ అబద్ధం చెబుతోందనే అనుకున్నాను, కొత్తది కొనడానికి సిద్ధమయ్యాను కూడా. కానీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఎలాగూ వెంట ఉంది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినవి కాదు, అవి ఇంత వేడి చూపించలేవు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే రకం. మెరిసే అల్యూమినియం మీద పెడితే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది కాబట్టి, థర్మోస్టాట్ హౌసింగ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు ఉండే గూడు) మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద పెట్టాను. 54.

ముల్లు, ఈసీఎం సెన్సార్, థర్మామీటర్, మూడూ ఒకటే మాట చెప్పాయి. ఇంజిన్ చల్లగానే ఉంది. పాపం ఈసీఎం ఇంకా వార్మప్ కాలేదనుకుని, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోల్ ఎక్కువిస్తూ, ఐడ్లింగ్ పెంచుతూ పోతోంది. దాని పని అది సరిగ్గానే చేస్తోంది. ఊళ్లో ట్రాఫిక్‌లో గాలి తగలక ఇంజిన్ ఎలాగోలా వేడెక్కేది కాబట్టి అక్కడ తేడా తెలియలేదు.

మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకున్నాను. థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగా ఉండి, తెరుచుకోగానే చెయ్యి పెట్టలేనంత వేడెక్కాలి. ఇది మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా అవుతూ వచ్చింది. ఇంజిన్ ఆరాక కూలెంట్ దించి, హౌసింగ్ బోల్టులు రెండూ విప్పాను. గ్యాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు పూసి ఉంది. గీకి తీశాక చూస్తే థర్మోస్టాట్ పోవడం కాదు, అసలు లేనే లేదు. ఖాళీ గూడు.

షెడ్డుకి ఫోన్ చేస్తే ఆయన దాచలేదు. "మన ఎండలకి అదెందుకండీ, నేను అన్ని బండ్లకీ పీకేస్తా" అన్నారు. కార్బ్యురేటర్ రోజుల్లో ఈ అలవాటు అంతగా తెలిసేది కాదు, ఎందుకంటే కార్బ్యురేటర్ కూలెంట్ వేడిని చూసి పెట్రోల్ పొయ్యదు. ఎంపీఎఫ్ఐకి ఆ వేడే లెక్క. పైగా బండి వేడెక్కడానికి కారణం బ్లాకైన రేడియేటరో, తిరగని ఫ్యానో అయితే థర్మోస్టాట్ పీకితే అది బాగుపడదు, కనబడకుండా పోతుంది.

ఆటోనగర్‌లో కొత్త థర్మోస్టాట్ ఐదారు వందలకే దొరికింది. మీద 82 అని అచ్చు ఉంది. బిగించేముందు పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాను. 80 దాకా కదలిక లేదు. 83 దగ్గర వాల్వు అంచున వెంట్రుకంత సందు కనిపించింది, నీళ్లు తెర్లే వేళకి పూర్తిగా తెరుచుకుంది. కొత్తదైనా ఈ పరీక్ష చెయ్యడం మంచిది. డబ్బాలోంచే పాడైపోయి వచ్చినవి ఉంటాయి. చిన్న గాలి రంధ్రం ఉన్న వైపు పైకి పెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించి, కూలెంట్ నింపి, హీటర్ ఫుల్‌లో పెట్టి గాలి బుడగలన్నీ పోయేదాకా నడిపాను.

మైలేజీ గొడవ, పెట్రోల్ వాసన దీంతో పోయాయి. ఐడ్లింగ్ ఊగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అది వేరే జబ్బు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, వ్యాక్యూమ్ గొట్టాల్ని ఒక్కొక్కటే గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కుతూ వచ్చాను. బ్రేక్ బూస్టర్‌ది నొక్కితే తేడా లేదు. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి లాగేది) నొక్కగానే ఇంజిన్ నిమ్మళించింది. వంపు దగ్గర, పైనుంచి కనిపించని వైపు, వేలు పెట్టి తడిమితే రబ్బరు చీలి ఉంది. లెక్కలో లేని గాలి అక్కడ్నుంచి లోపలికి పోతుంటే ఐడ్లింగ్ పెరుగుతుంది. కాలు తీసినా ఇంజిన్ వేగం ఎక్కువుందని ఈసీఎం పెట్రోల్ ఆపుతుంది. వేగం పడితే మళ్లీ ఇస్తుంది. అదే ఆ ఊగడం. గొట్టం మార్చాక సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు ఇంజిన్ ఆపకుండా పది నిమిషాలు చూశాను, ఊగలేదు.

ట్యాంకు నింపి, మళ్లీ నింపి లెక్కేస్తే హైవే మీద 17 దాటింది. టాపెట్ల చప్పుడు మాత్రం కొంచెం ఉంది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ దొరికితే ఒక ఆదివారం టాపెట్ల క్లియరెన్స్ (సందు) చూడాలి.