నూట ముప్పై గ్రాములు

నిన్న సాయంత్రంతో మా పోటీలు ముగిశాయి. బ్యాగులో బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. నాలుగు రోజులు ఆగితే కోపం తగ్గి కొన్ని సంగతులు దాచేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను. అన్ని ఆటలూ ఒకేచోట జరిగే అంతర్జాతీయ పోటీలకు కయాక్ అనే తెడ్డు పడవ పట్టుకుని మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం ఇది.

మా ఆట కనూ-కయాక్ అని చెబితే చాలామంది రాళ్ల మధ్య ఎగిరిపడే నీళ్లూ, పైనుంచి వేలాడే గేట్లూ అనుకుంటారు. అది స్లాలమ్. ఒలింపిక్స్‌లో 1972లో ఒకసారి పెట్టారు, మళ్లీ 1992 నుంచి జరుపుతున్నారు. మాది స్ప్రింట్. నిలకడైన నీళ్ల మీద, తొమ్మిది మీటర్ల వెడల్పున్న లేన్‌లో తిన్నగా పోవాలి. 1936 నుంచీ ఒలింపిక్స్‌లో ఉన్నది ఇదే. కయాక్‌లో కూర్చుని రెండు చివర్లా రెక్కలున్న తెడ్డు వేస్తాం. కనూలో ఒక మోకాలి మీద ఉండి ఒంటి రెక్క తెడ్డుతో ఒకే పక్క వేస్తారు. నేను కయాక్. కె1 1000 మీటర్లు ఒక్కడినే, కె2 500 మీటర్లు జోడీతో. ఇవీ నా ఈవెంట్లు.

గుర్తింపు కార్డు, గది, భోజనం, బస్సులు అన్నీ సాఫీగా జరిగిపోయాయి. వాటి గురించి టెన్షన్ పడకండి.

అసలు సంగతి పడవ. కె1 పొడవు 5.2 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని విమానంలో వెంట తీసుకెళ్లడం మాలాంటి చిన్న జట్ల వల్ల కాదు. అక్కడే అద్దెకు తీసుకుంటాం. మా టీమ్ మేనేజర్ ఒక పడవ చూపించి "ఇదే నీది, తూకం సరిపోయింది" అన్నారు. ఎవరు తూచారు, ఎప్పుడు తూచారు అని అడగాల్సింది. పెద్దాయన మాట కదా అని అడగలేదు. సాధనకు వెళ్లే ముందు నేనూ ఒకసారి కాటా మీద పెట్టాను. 12.08 చూపించింది. కె1 కనీస బరువు 12 కిలోలు. ఎనభై గ్రాములు ఎక్కువే ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాను. సీటు మీది స్పాంజి ముక్క అంతకుముందు వాడినవాళ్ల చెమటా నీళ్లూ పీల్చుకుని బరువుగా ఉందని నాకు తట్టలేదు.

హీట్ బాగా జరిగింది. 750 మీటర్ల దాకా ఐదో స్థానంలో ఉన్నాను. చివరి 250లో ఇద్దరిని దాటి మూడోవాడిగా వచ్చాను. ఇంత వేగంగా వెయ్యి మీటర్లు నేనెప్పుడూ వేయలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ టైమ్ ఇప్పుడు ఏ రికార్డులోనూ లేదు.

రేసు అవ్వగానే కొన్ని లేన్ల నంబర్లు పిలుస్తారు. పిలిచినవాళ్లు వేరే ఎక్కడికీ పోకుండా నేరుగా పడవల బరువు తనిఖీ చేసే బోట్ కంట్రోల్‌కి పడవ మోసుకెళ్లాలి. నా నంబర్ పిలిచారు. ఆయాసం తీరకుండానే వెళ్లి వరసలో నిలబడ్డాను. అక్కడి అధికారి పడవను బోర్లించి నీళ్లు కార్పించారు. తర్వాత తిరగేసి లోపలంతా గుడ్డతో తుడిచారు. చెయ్యి పెట్టి సీటు మీది స్పాంజి లాగి పక్కన పెట్టారు. నీళ్లు పీల్చే సామాను ఏదైనా పూర్తిగా ఆరి ఉండాలి, లేదా తూకానికి ముందు తీసెయ్యాలి. నిబంధన అది. కాటా మీద 11.87 కనిపించింది. రెండోసారి పెట్టారు. 11.87.

ఆయన ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నారు. నా వెనక నాతోపాటే పోటీ చేసిన ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లు కాటా చూశారు, నన్ను చూశారు, చూపు తిప్పుకున్నారు. అదే నన్ను కాల్చేసింది. తేలికైన పడవ అంటే మోసం అనే అర్థం ఉంది మా ఆటలో. కాసేపటికి బోర్డు మీద ఫలితాలు వచ్చాయి. అందరికీ టైములు ఉన్నాయి. నా పేరు అన్నిటికన్నా కింద, పక్కన అనర్హుడని మూడక్షరాలు. ఇంటినుంచి ఫోన్. "ఏం చేశావు రా?" అని నాన్న. డ్రగ్స్ అనుకున్నారట. పడవ బరువు తగ్గిందని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నమ్మారో లేదో ఇంకా తెలియదు.

మేనేజర్ దగ్గరికి వెళ్తే "నువ్వు చూసుకోవాలి కదా" అన్నారు. అభ్యంతరం రాసివ్వడానికి గడువు నిమిషాల్లోనే ఉంటుంది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే అది దాటిపోయింది. రాసినా గెలిచేవాళ్లం కాదు, అది నాకూ తెలుసు. కానీ ఆటగాడి పక్కన నిలబడటం అనేది ఒకటుంటుంది. ఆయన నిలబడలేదు.

నిబంధన మీద మాత్రం నాకు కోపం లేదు. బరువుకు కింది హద్దు లేకపోతే డబ్బున్న జట్లు ఈకలాంటి పడవలు చేయించుకుంటాయి. అప్పుడు భుజాల బలం కాదు, ఖజానా బలం గెలుస్తుంది. 130 గ్రాముల వల్ల నాకేం లాభం వచ్చిందని ఎవరైనా అడిగితే, ఆ లెక్క అడిగే హక్కు పక్క లేన్‌వాడిదే అంటాను. వాడి పడవ పన్నెండు కిలోలుంది.

కె2కి రెండు రోజులుంది. ఈసారి ఎవరి మాటా నమ్మలేదు. నేనూ నా జోడీ తమ్ముడూ కలిసి పడవలోని స్పాంజిలన్నీ పీకేశాం. మధ్యాహ్నమంతా ఎండలో బోర్లించాం. సాయంత్రం తూచితే 17.9. కావాల్సింది 18. సీట్ల కింద ఒక్కోటీ 150 గ్రాములుండే రెండు ఇనప పలకలు స్క్రూలతో బిగించాం. టేపుతో అంటించొద్దు, కదలకుండా స్థిరంగా బిగించిన బరువునే లెక్కలోకి తీసుకుంటారు. మర్నాడు పొద్దున్నే బోట్ కంట్రోల్‌కి వెళ్లి "ఇలా బిగించాం, సరేనా?" అని అడిగాను. అక్కడున్న ఆవిడ పలకను వేళ్లతో గట్టిగా లాగి చూసి తలూపారు. ముందుగా వెళ్లి అడిగితే వాళ్లు ఎంత ఓపిగ్గా చెబుతారో! ఇది నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

హీట్‌లో నాలుగో స్థానం. సెమీస్‌లో ఆరు. పతకాలు తేలే ఎ ఫైనల్ అందలేదు. ఆ తర్వాతి స్థానాలు తేల్చే బి ఫైనల్‌లో, ఎదురుగాలిలో, మొదటి జోడీకి పడవ ముక్కు పొడవంత దూరంలో రెండోవాళ్లుగా వచ్చాం. తమ్ముడు ముందు సీట్లో తెడ్డు వదిలేసి ఏడ్చేశాడు.

మా నంబర్ మళ్లీ పిలిచారు.

పడవ భుజాన ఎత్తుకుని నడుస్తుంటే "అన్నా, పలకలు ఊడలేదు కదా?" అని వాడు రెండుసార్లు అడిగాడు. మొదటిరోజు ఉన్న అధికారే ఇప్పుడూ ఉన్నారు. బోర్లించారు, కార్పించారు, తుడిచారు. తీయడానికి లోపల స్పాంజి ఏదీ లేదు. పలకలు లాగి చూశారు. కాటా మీద పెట్టారు. అంకెలు కాసేపు ఊగి 18.19 దగ్గర ఆగాయి. ఆయన కాగితం ముందుకు జరిపారు. ఈసారి పెన్ను నేనే అడిగి తీసుకున్నాను.