ఉపవాసం రోజు మాత్ర వేసుకోవచ్చా?

కార్తీకమాసం వచ్చిందంటే సోంపేటలో మా మందుల షాపుకి మందుచీటీలతో పాటు ఒక ప్రశ్న కూడా వస్తుంది. "సోమారం మాత్ర ఏసుకుంటే ఉపాసం చెడిపోదేటి బాబూ?"

అడిగేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన అమ్మలు. తెల్లారకముందే తలస్నానం చేసి, శివుడి గుళ్లో దీపం పెట్టి, నక్షత్రం కనబడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లు. "ఈ రోజుల్లో ఇవన్నీ ఎందుకమ్మా" అని నేను అనలేను. అది వాళ్లని చిన్నబుచ్చడమే. పైగా ఆ మాట విని ఎవరూ మాత్ర వేసుకోరు.

వాళ్లకి నేను చెప్పేది భారతంలోని మాటే. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదని ఉద్యోగపర్వంలో విదురుడు చెబుతాడు: నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. మందు అందులోనే ఉంది. కాబట్టి మాత్ర వేసుకున్నంత మాత్రాన ఉపవాసం పోదు.

కానీ మాత్ర ఒక్కటే వేసుకుని పస్తుండడం ఇంకా ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర కడుపులో తిండి లేకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. చక్కెర పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, ఆపైన మాట తడబడడం, స్పృహ తప్పడం. అలాంటివాళ్లు తినాలి. అంటే నియమం తప్పాలి. తప్పవచ్చనే నేనంటాను, గట్టిగానే అంటాను.

దీనికి నాకు ధైర్యం ఇచ్చేది ఛాందోగ్య ఉపనిషత్తులోని ఉషస్తి అనే పండితుడి కథ. పంటలు పోయి కురుదేశంలో కరువొచ్చినప్పుడు, ఆ పండితుడు ఏనుగులవాడు తింటున్న గింజల్ని, ఎంగిలివని తెలిసీ అడిగి తిన్నాడు. ఆ తర్వాత అతను నీళ్లిస్తే వద్దన్నాడు. గింజలు తినకపోతే బతకను గనుక తిన్నాను, నీళ్లు నాకు వేరేచోట దొరుకుతాయి అన్నాడు. ప్రాణం నిలవడానికి ఎంత కావాలో అంతవరకే నియమం వదిలాడు, మిగతాది పట్టుకునే ఉన్నాడు. మా అమ్మలకి ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది. దీపం మానక్కర్లేదు, గుడి మానక్కర్లేదు, ఇడ్లీ మాత్రం తినాలి.

సోంపేట ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని ఊరు తక్కువ, కొబ్బరిచెట్టు లేని పెరడూ తక్కువ. "అన్నం మానేసి కొబ్బరినీళ్లు తాగుతాన్లే, ఫలహారమే కదా" అంటారు. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఫర్వాలేదు. డయాలసిస్ మీదున్నవాళ్లకి అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుపోయి గుండె లయ తప్పవచ్చు. అరటిపండు సంగతీ అంతే. శాస్త్రం ఒప్పుకున్న ఆహారం కూడా వాళ్ల ఒంటికి సరిపడదు. అక్కడ గుళ్లో పంతులుగారి కన్నా డాక్టరు మాటే వినాలి. విదురుడి లెక్కలో గురువు మాట కూడా ఉందిగా, ఆ రోజుకి డాక్టరే గురువు అనుకోమంటాను.

రంజాన్‌లో ముస్లిం పెద్దలూ ఇదే బెంగతో వస్తారు. జబ్బుపడ్డవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు తర్వాత ఉపవాసం ఉండి పూర్తిచేయవచ్చని ఖురానే చెబుతుంది. ఎప్పటికీ ఉండలేనివాళ్లు రోజుకొక పేదకి అన్నం పెట్టవచ్చు. వాళ్లలోనూ కొందరికి మనసొప్పదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది దసరా నవరాత్రుల్లోనే. దీక్షలో ఉన్నవాళ్లు మడి, వేళ చూసుకోకుండా మా వీధిలో పడిన చెట్లు నరికారు, ఎవరింట్లో వండితే అక్కడ తిన్నారు. అమ్మవారికి అపచారమని ఒక్కరూ అనలేదు. పక్కవాడి ఆపదకి ఇంత తేలిగ్గా నియమం సడలించే మనం, సొంత ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత కఠినంగా ఉంటామో!

బద్ధకానికి, ఫంక్షన్ భోజనానికి నియమం వదిలి ఆపద్ధర్మం అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంట్లోవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. తాము మధ్యాహ్నం కడుపునిండా తిని, షుగరున్న తల్లిని "ఏడాదికి నాలుగు సోమవారాలేగా, ఉండనీ" అనే కొడుకులున్నారు. కార్తీకం మొదలవకముందే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఉపవాసం ఉండొచ్చా, ఉంటే ఏ మందు ఎంత తగ్గించాలి, ఏ పూట వేసుకోవాలి అని అడగండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు సొంతంగా మానేయకండి. చేతులు వణికి చెమట పడితే, మెలకువగా ఉన్న మనిషికి వెంటనే పంచదార నీళ్లు తాగించండి, నక్షత్రం కోసం ఆగకండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.